ద్రవ్యోల్బణము – ఇంటి కొనుగోలు శక్తి

ప్రతి నెలయు పండ్రెండవ తేదీ ప్రాంతమున కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు ఒక సంఖ్యను ప్రకటించుచుందురు. మరునాటి పత్రికలలో అది చిల్లర ధరల ద్రవ్యోల్బణమను పేర కనిపించును. 2025 అక్టోబరు నెలకు ఆ సంఖ్య 0.25 శాతము. నూటికి పావలా అన్నమాట. 2012 సంవత్సరమును ఆధారముగా గొని లెక్కించుచు వచ్చిన శ్రేణిలో అంత తక్కువ సంఖ్య అంతకు ముందెన్నడును నమోదు కాలేదు. ఆ వార్త చదివి, సంచి చేతబట్టి బజారునకు వెళ్లిన ఇల్లాలికి మాత్రము నూనె గాని, పాలు గాని, ఇంటి అద్దె గాని, పిల్లల బడి రుసుము గాని వెనుకకు మరలినట్లు తోచలేదు. లెక్క అబద్ధమా, సంత అబద్ధమా అని ఆమె అడిగినచో తప్పు పట్టుటకు వీలులేదు. ఈ రెంటిలో ఏదియు అబద్ధము కాదనియు, అవి రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులనియు ముందుగా మనవి చేయుచున్నాను.

ద్రవ్యోల్బణపు రేటు అనగా పోయిన సంవత్సరము ఇదే నెలలో ఉన్న ధరలకంటె నేటి ధరలు నూటికెంత ఎక్కువ అను లెక్క. అది బండి వేగము వంటిది. వేగము తగ్గినంత మాత్రమున బండి బయలుదేరిన ఊరు చేరుకొనదు. 2024 అక్టోబరులో ఈ రేటు 6.21 శాతము. అనగా 2023 అక్టోబరులో నూరు రూపాయలకు వచ్చిన సరుకు 2024 అక్టోబరులో నూటఆరు రూపాయల ఇరువది యొక్క పైసలైనది. దానిపై మరి పావు శాతము చేర్చినచో 2025 అక్టోబరునకు నూటఆరున్నర. పత్రిక పావు శాతమే పెరిగినదని చెప్పినది నిజము. ఇల్లాలు ఆరున్నర రూపాయలు ఎక్కువ చెల్లించుచున్నాననుటయు నిజము. జీతము ఆ రెండేండ్లలో కదలని ఇంటికి రెండవదియే ముఖ్యము.

శాతముల లెక్కలో ఇంకొక చిక్కు కలదు. 2024 అక్టోబరులో కూరగాయల ధరలు అంతకు ముందటి సంవత్సరము కంటె 42.18 శాతము పెరిగెను. 2025 అక్టోబరులో 27.57 శాతము తగ్గెను. పెరిగినది నలువది రెండు, తగ్గినది ఇరువది యేడున్నర. కావున ఇంకను పదునాలుగు శాతము మిగిలియుండవలెనని ఎవరికైన తోచును. కాని నూరు రూపాయల కూరగాయలు నూటనలువది రెండై, ఆ నూటనలువది రెండుపై ఇరువది యేడున్నర శాతము తగ్గినచో నిలుచునది సుమారు నూటమూడు. తగ్గుదలను లెక్కించునది పెద్ద సంఖ్య మీద కావుననే ఇట్లు జరుగును. కూరగాయలు నిజముగనే తిరిగి వచ్చినవి. తిరిగి రానివి వేరు: అద్దె, వైద్యము, చదువు. ఇవి ఒక్కసారి మెట్టెక్కిన తరువాత దిగుట మనము చూడలేదు.

కూరగాయలలో టమాటా సంగతి మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. రాయలసీమలోని మదనపల్లె మార్కెట్టు దేశములోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2023 జూలైలో టమాటా ధర అనేక పట్టణములలో కిలో నూరు రూపాయలు దాటి, కొన్ని చోట్ల రెండువందల వరకు పోయెను. ఆ నెల దేశపు చిల్లర ద్రవ్యోల్బణము 7.44 శాతమునకు ఎగబ్రాకుటలో టమాటాకు మంచి వాటా కలదు. అదే టమాటాను కోత కూలియైనను రాదని రైతులు రోడ్డు ప్రక్కన పారబోసిన సంవత్సరములును మనమెరుగుదుము. పారబోసిననాడు రైతుకు పోయినది, కొరత వచ్చిననాడు పట్టణ గృహస్థునకు పోయినది. నిలువ చేసికొనలేని పంటకు ధర నిలుకడగా ఉండదు. రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచినంత మాత్రమున మదనపల్లెలో తోట కాపునకు రాదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. దేశమునకంతకు ఒకే సంఖ్య చెప్పుచున్నారు గదా, అది ఎవరి ఇంటి సంఖ్య?

లెక్కవేయువారు ఒక బుట్టను ఊహించుకొందురు. అందులో బియ్యము, పప్పు, పాలు, బట్టలు, అద్దె, మందులు, బస్సు చార్జీ మొదలగు వందలాది వస్తువులుండును. కుటుంబములు దేనికెంత ఖర్చు చేయుచున్నవో సర్వే చేసి, దానినిబట్టి ఒక్కొక్క వస్తువునకు తూకము నిర్ణయింతురు. 2012 ఆధార శ్రేణిలో ఆహార పానీయముల తూకము దేశమునకంతకు నూటికి 45.86. పల్లెలకు విడిగా చూచినచో 54.18, పట్టణములకు 36.29. పల్లెవాని బుట్టలో సగమునకు పైగా తిండియే. జర్మనీ దేశపు గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే ఈ మాట చెప్పెను: కుటుంబము ఎంత పేదదో, దాని ఖర్చులో ఆహారపు భాగము అంత ఎక్కువ. మన దేశమున 2023–24లో జరిగిన గృహ వినియోగ సర్వేలోను పల్లెలలో ఆహారపు వాటా 47 శాతము, పట్టణములలో సుమారు 40 శాతము అని తేలినది. ఇవి సగటులు. సగటునకు క్రింద బ్రదుకువారి వాటా ఇంకను ఎక్కువ.

ఒక చిన్న లెక్క చూడుడు. ఒక సంవత్సరము ఆహార ధరలు పది శాతము, తక్కినవన్నియు మూడు శాతము పెరిగినవనుకొందము. ఖర్చులో నాలుగవ వంతు మాత్రమే తిండికి పెట్టు ఇంటికి ధరల పెరుగుదల అయిదు శాతమునకు లోపలనే. అరువది శాతము తిండికే పోవు కూలి కుటుంబమునకు అది ఏడు శాతము దాటును. వీధి ఒకటే, దుకాణమొకటే, ఆ సంవత్సరమునకు ప్రకటింపబడిన సంఖ్యయు ఒకటే. అయినను ఈ రెండిండ్లకు వేరు వేరు ద్రవ్యోల్బణములు. మొదటి ఇంటివారు ధర పెరిగినప్పుడు సినిమా మానుకొందురు, ప్రయాణము వాయిదా వేయుదురు. రెండవ ఇంటిలో మానుకొనుటకు మిగిలియున్నది పాలు, గ్రుడ్డు, పప్పు. ఇట్లు మానుకొన్నది ఏ సూచికలోను కనబడదు. సూచిక ధరను చూచును గాని, కంచమును చూడదు.

బుట్ట పాతబడుట మరియొక సంగతి. వ్యవసాయ కూలీల ధరల సూచికకు 1986–87 ఆధార సంవత్సరము. అందలి తూకములు 1983 నాటి సర్వేలోనివి. ఆహారమునకే నూటికి 69 వంతులు. ఆ బుట్టతోనే 2025 వరకు లెక్క సాగినది. ఆ సంవత్సరమే 2019 ఆధారముగా క్రొత్త శ్రేణి వచ్చినది. 1983లో కూలివాని ఇంట సెల్ ఫోను లేదు, మోటారు సైకిలు పెట్రోలు లేదు, రుసుము కట్టి చదివించు ఇంగ్లీషు బడి లేదు. నలువదేండ్ల పాటు ఈ ఖర్చులు ఆ బుట్టలో తమకు తగిన చోటు లేకయే ఆ ఇంటిలో ప్రవేశించినవి. ఉపాధి హామీ కూలిని ఏటేట సవరించినది ఈ సూచికను బట్టియే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో ఆ దినకూలి 2023–24లో 272 రూపాయలు, 2024–25లో 300 రూపాయలు.

ధర పెరుగకయే ఖరీదు పెరుగుట ఇంకొక విద్య. అయిదు రూపాయల బిస్కట్ పొట్లము అయిదు రూపాయలకే వచ్చుచుండును. లోపల బరువు మాత్రము సన్నగిల్లుచుండును. సబ్బు బిళ్ల, చిప్సు సంచి, షాంపూ పొట్లము – వీని తీరును ఇంతే. పొట్లము మీద నికర బరువు అచ్చువేయవలెనని నియమము కలదు, వారు వేయుచునే యున్నారు. చదువవలసిన అక్షరములు మాత్రము చీమలబారు వలె నుండును.

నెమ్మదిగా సాగు పెరుగుదల ఎంత దూరము పోవునో మనకు సులభముగా తట్టదు. సంవత్సరమునకు ఆరు శాతము చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లకు ధరలు రెట్టింపగును; నాలుగు శాతమైనచో పదునెనిమిదేండ్లకు. ఇది ఊహ మాత్రమే కాదు. 2012లో నూరుగా మొదలైన చిల్లర ధరల సూచిక 2024 జూన్ నాటికి 190 చేరినది. నాటి నూరు రూపాయల నోటు పండ్రెండేండ్లలో ఏబదిమూడు రూపాయల సరుకు తెచ్చు నోటైనది. 1923లో జర్మనీలో వలె ఉదయపు ధర సాయంకాలమునకు నిలువని విపత్తు మనకెన్నడును రాలేదు, సంతోషమే. కాని విపత్తు వచ్చినప్పుడు జనులు కేకలు వేయుదురు. ఏటేట అయిదున్నర శాతము కరిగినచో ఎవరును కేక వేయరు.

ఈ కరుగుటనుండి కొందరికి రక్షణ కలదు. ప్రభుత్వోద్యోగులకు ధరల సూచికను బట్టి భత్యము పెరుగును. మన భాషలో దానికి కరువు భత్యమని పేరు. ఎవరు పెట్టిరో గాని ఎంతయు సార్థకముగా పెట్టిరి. కరువనగా వానలు లేక పంట పోవుట యని మాత్రమే మన యర్థము కాదు. గింజ అంగడిలో ఉండియు కొనలేకపోవుటయు కరువే. 1943 నాటి బెంగాలు క్షామమును పరిశీలించి అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన గ్రంథములో తేల్చినదియు దాదాపుగా ఇదే. ధాన్యము కొరతకంటె, బియ్యపు ధర పరుగెత్తగా కూలి నిలిచిపోవుటయే లక్షలాది గ్రామీణుల ప్రాణములు తీసినదని ఆయన వాదము.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు జనవరిలో నొకసారి, జూలైలో నొకసారి ఈ భత్యమును సవరింతురు. 2016 జనవరి నుండి అమలైన మూలవేతనములపై 2024 జనవరి నాటికి అది 50 శాతమునకు చేరెను. ఎనిమిదేండ్లలో ధరలు సగము పెరిగినవని ప్రభుత్వము తన స్వంత లెక్కలో ఒప్పుకొన్నదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. ఈ రక్షణ కూడ చెదరని కోట కాదు. 1974లో ధరలు విపరీతముగా పెరిగి, 1974–75 సంవత్సరమునకు టోకు ధరల పెరుగుదల 25 శాతము దాటినప్పుడు, పెరిగిన కరువు భత్యములో సగమును నిర్బంధ డిపాజిట్టుగా పట్టి ఉంచుటకు చట్టము చేసిరి. కోవిడు కాలమున 2020 జనవరి మొదలు పదునెనిమిది నెలలు భత్యపు పెంపును నిలిపివేసిరి. అయినను ఆ ఉద్యోగికి ఒక లెక్క కలదు. ఆలస్యముగనైనను ఆదాయము ధరను వెంబడించును.

ధర ముందు నడచును, ఆదాయము వెనుక నడచును. ఆ నడుమనున్న దూరము ఎవరి కెంత అనునదే కుటుంబముల పాలిట ద్రవ్యోల్బణము. ఉద్యోగికి ఆరు నెలలు. ఉపాధి కూలికి ఒక సంవత్సరము. ఇంటిపని చేయు స్త్రీకి, దుకాణములో గుమాస్తాకు, యజమాని దయ కలిగినప్పుడు. కొందరికి ఆ దూరము ఎన్నటికిని తరుగదు.

ఉద్యోగుల పింఛను పథకము 1995లో ఏర్పడినది. దాని క్రింద కనీసపు పింఛను వేయి రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించిరి. జీవితమంతయు మిల్లులోనో, ఫ్యాక్టరీలోనో పనిచేసి విరమించినవారికి వచ్చునది అది. 2024–25లో కూడ ఆ వేయి వేయిగానే యున్నది. ఆ పదేండ్లలో చిల్లర ధరల సూచిక అరువది శాతమునకు పైగా పెరిగినందున, ఆ వేయి రూపాయలు 2014 ధరలలో కొనగలిగినది ఆరువందల పైచిలుకు రూపాయల సరుకే. నిరుపేద వృద్ధులకు కేంద్రము ఇచ్చు పింఛను వాటా ఇంకను విచిత్రము. ఎనుబది యేండ్లకు లోబడిన వారికి 2007లో నెలకు 200 రూపాయలు, 2024–25లోను 200 రూపాయలే. ఈలోగా ధరలు సుమారు మూడింతలైనవి. ఎవరును ఆ పింఛనును తగ్గింపలేదు. ఏ ఉత్తరువును వెలువడలేదు. మూడింట రెండు వంతులు దానంతటది పోయినది.

రాష్ట్రములు తమ వంతు చేర్చుచున్నందున వృద్ధుల చేతికి నిజముగా వచ్చునది ఇంతకంటె మేలు. తెలంగాణములో 2019లో ఆ మొత్తము 2,016 రూపాయలైనది. 2024 జూన్ నాటికి దాని కొనుగోలు శక్తి మొదటి నాటి రూపాయలలో సుమారు 1,520. ఆంధ్రప్రదేశములో 2024లో 3,000 నుండి 4,000 రూపాయలకు పెంచిరి. పెంచుట మంచిదే. కాని ఈ పెంపులు ధరల సూచికను బట్టి గాక ఎన్నికలను బట్టి వచ్చుచున్నవని చెప్పుట నిష్ఠురమైనను సత్యదూరము కాదు.

మన పెద్దల కాలమున పాలేరు జీతము సాలుకిన్ని బస్తాల వడ్లని మాట్లాడుకొనెడివారు. కోత కూలి గింజలలోనే కొలిచెడివారు. ఆ కాలమును కొనియాడుటకు ఈ మాట చెప్పుట లేదు. పాలేరుతనములోని కట్టుబానిసత్వము ఎవరికిని మరల రాకూడదు. కాని వడ్ల ధర ఎంత పెరిగినను వాని బస్తా బస్తాయే. కూలి రూపాయలలోనికి మారినప్పుడు వానికి స్వేచ్ఛ వచ్చినది, దానితోపాటు ధర యొక్క దెబ్బయు వచ్చినది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకము పెట్టినప్పుడు దానిని దుబారా యని విమర్శించినవారు పలువురు. ఖజానా లెక్కలో వారి వాదమునకు బలము లేకపోలేదు. పేద ఇంటి లెక్కలో మాత్రము అది ఖర్చులో మిక్కిలి పెద్ద పద్దును ధరల దెబ్బనుండి తప్పించినది. 2023 జనవరి నుండి దేశమంతట ఆహార భద్రత కార్డులవారికి ధాన్యము ఉచితముగా ఇచ్చుచున్నారు. నగదుగా ఇచ్చిన సహాయము ఏటేట కరుగును. అయిదు కిలోల బియ్యము అయిదు కిలోలుగనే యుండును. అయితే అయిదు కిలోల బియ్యముతో పప్పు రాదు, నూనె రాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధము మొదలై పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గినప్పుడు, ఆ ఏప్రిల్ చివర ఇండొనీషియా పామాయిలు ఎగుమతిని కొన్ని వారములు నిలిపివేసినప్పుడు, రేషను కార్డు వంటనూనె సీసాను కాపాడలేకపోయినది. ఆ ఏప్రిల్ నెల ద్రవ్యోల్బణము 7.79 శాతము.

పొదుపు చేసికొన్నవారి మాట కొంచెము. 2022–23లో సగటు ద్రవ్యోల్బణము 6.7 శాతము. ఆ సంవత్సరము పెద్ద బ్యాంకులలో పొదుపు ఖాతాపై వడ్డీ మూడు శాతమునకు లోపల. పెట్టెలో గాక బ్యాంకులో ఉంచిన జాగ్రత్తపరుడైన గృహస్థు కూడ నూటికి సుమారు నాలుగు రూపాయల విలువ పోగొట్టుకొన్నాడు. మన ఆడువారు బంగారము మీద మక్కువ చూపుదురని అర్థశాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి నిందించుచు వచ్చిరి. ఆ మక్కువ వెనుక ఈ లెక్క లేదనుకొనుట పొరపాటు. ద్రవ్యోల్బణము అప్పులవానికి మేలు చేయునని పుస్తకములలో ఉండును. ఎనిమిది శాతమునకు అప్పు తెచ్చినవానికి చేయును. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, అనగా సాలుకు ముప్పదియారు శాతము కట్టు కూలివానికి ఆరు శాతము ద్రవ్యోల్బణము చేయు మేలెంత?

మందును గూర్చి కూడ చెప్పవలెను. 2016లో రిజర్వు బ్యాంకు చట్టమును సవరించి, ద్రవ్యోల్బణమును నాలుగు శాతము దగ్గర, అటునిటు రెండు శాతము లోపల నిలుపవలెనని లక్ష్యము విధించిరి. 2022లో వరుసగా మూడు త్రైమాసికములు సగటు ఆరు శాతము దాటగా, బ్యాంకు ప్రభుత్వమునకు సంజాయిషీ వ్రాయవలసి వచ్చెను. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి లోపల రెపో వడ్డీని 4 శాతమునుండి 6.5 శాతమునకు పెంచిరి. ఇరువది యేండ్ల గడువుపై ఇరువది లక్షలు గృహఋణము తీసికొన్నవాని వడ్డీ ఏడు శాతమునుండి తొమ్మిదిన్నరకు పోయినచో నెలసరి వాయిదా 15,500 నుండి 18,600కు పెరుగును. ధరలు అదుపునకు వచ్చినచో ఆ ఇంటివారికిని మేలే, నిజము. కాని వైద్యుని రుసుమును రోగులందరును సమానముగా చెల్లింపలేదు.

శ్రోతలలో గృహిణులకు నాదొక సూచన. ఇంటి పద్దు పుస్తకములో ఒక పుట విడిగా ఉంచి, మీరు తప్పక కొను పది పండ్రెండు వస్తువుల ధరను, పొట్లమైనచో బరువును, నెలకొకసారి ఒకే తేదీన వ్రాసికొనుడు. సంవత్సరము తిరిగినప్పుడు మీ ఇంటి ద్రవ్యోల్బణము మీకే తెలియును. యజమానిని జీతము పెంచుమని అడుగునపుడు పత్రికలోని సంఖ్యకంటె ఆ పుట ఎక్కువగా పనికివచ్చును.

పింఛనుదారునకు అడుగుటకు యజమాని లేడు. కావున రూపాయలలో స్థిరపరచిన ప్రతి కనీస మొత్తమునకు, అది పింఛను గాని, ఉపకార వేతనము గాని, సూచికతో పాటు సవరణ యను ఒక్క వాక్యము ఉత్తరువులోనే చేర్చవలెనని నా మనవి. ఖర్చగును, సందేహము లేదు. ఆ ఖర్చు ఇప్పుడును అగుచునే యున్నది; భరించుచున్నది మాత్రము ఆ వృద్ధులు. సిమ్లాలోని కార్మిక సంస్థ కార్మికుల ధరల సూచికను నెలనెలయు వెలువరించుచునే యున్నది. ఉద్యోగుల కరువు భత్యమును లెక్కకట్టునది దానితోనే. వేయి రూపాయల పింఛనును లెక్కకట్టుటకు ఇంకొక సూచికను తయారుచేయ నక్కరలేదు.